ఎడమ కాలి మౌనం

గొడుగుపేట, మచిలీపట్నం
జులై 14

చిరంజీవి పిచ్చేశ్వరరావుకు,

అక్కయ్య ఆశీస్సులు. నువ్వు గుడివాడ ఇంటికి తాళం వేసి, తాళంచెవి నీ కొడుకు హరిబాబుకిచ్చి, దివిసీమలో ఏదో బౌద్ధ ధ్యాన కేంద్రానికి వెళ్ళావని నీ కోడలు ఫోన్ చేసి చెప్పింది. వానాకాలం మూడు నెలలూ అక్కడే ఉంటావట. మాట్లాడకుండా ఉంటావట. రెండో సంగతి మళ్ళీ చెప్పించుకున్నాను. గుడివాడ బస్టాండులో కంట్రోలరుగా పనిచేసినన్నాళ్ళూ, మైకు పాడైన సంగతి ఒక్క ప్రయాణికుడికి కూడా తెలియనివ్వని మనిషివి నువ్వు.

ఎందుకు వెళ్ళావో నాకు తెలుసు. మనవడి అన్నప్రాసన నాడు నువ్వు ఫొటోగ్రాఫరు మీద వేసిన కేకకి పసివాడు పాయసం కక్కేసి, సాయంత్రం దాకా ఏడుపు ఆపలేదు. అప్పుడు హరిబాబు, "నాన్నా, మీరు కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళి రండి" అన్నాడు. అతను తిరుపతి ఉద్దేశించి ఉంటాడు.

అక్కడ ఫోన్లు తీసుకుని బీరువాలో పెడతారని విన్నాను. మంచిదే. ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. ఉత్తరంలో అరవడానికి శ్రమపడాలి.

కింది ప్రశ్నలకు వరసగా జవాబు రాయి. తిండి ఏమిటి? పడక నేల మీదా, మంచం మీదా? షుగరు మాత్రలు వేసుకుంటున్నావా? వాళ్ళు నీకు నేర్పుతున్నది ఏమిటి?

దోమతెర తీసుకెళ్ళావనే అనుకుంటున్నాను. దివిసీమ దోమలకు నీ మౌనంతో పని లేదు.

నీ అక్కయ్య,
వెంకటరత్నమ్మ


ధ్యాన కేంద్రం, నాగాయలంక దగ్గర
జులై 27

అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఉత్తరాలు రాసుకోనిస్తారు. మిగతా రోజుల్లో కాగితం, కలం కూడా బీరువాలోనే.

తిండి బాగుంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే మళ్ళీ పొద్దుటిదాకా ఏమీ తినకూడదు. సాయంత్రం నిమ్మకాయ పిండి, బెల్లం కలిపిన నీళ్ళిస్తారు. ఎన్ని గ్లాసులైనా తాగొచ్చు. తాగుతున్నాను. పడక నేల మీద, చాప. దోమతెర ఉంది. దోమల్ని చంపకూడదు కనుక తెరలోపల దూరిన దోమని బతిమాలి బయటికి పంపాలి. నేను మాట్లాడకుండా బతిమాలడం నేర్చుకుంటున్నాను.

మా గురువుగారిని భంతే అని పిలుస్తాం. నలభై దాటి ఉండవు. ఆయన మాట పక్క గదికి వినబడదు. మొత్తం పదిహేనుమందిమి ఉన్నాం, అందరికీ మౌనమే. మాట్లాడే హక్కు వంట చేసే దేవమ్మకి ఒక్కదానికే ఉంది. మా అందరి వాటా తనే మాట్లాడేస్తుంది.

నేర్పేది కూర్చోవడం. నాకు కూర్చోగానే అరికాళ్ళు పెనం మీద పెట్టినట్టు మంటలు. మంట తగ్గితే చీమలు పాకుతున్నట్టు. గుడివాడలోనూ ఉండేదిది, కాని అక్కడ లేచి ఎవరినో ఒకరిని కేకలేస్తే మరిచిపోయేవాణ్ణి. ఆదివారంపూట భంతేని ఒక ప్రశ్న అడగొచ్చు. "ఈ మంట ఎలా పోతుందండీ?" అని అడిగాను.

ఆయన అన్నారు: "పోవాలని కూర్చుంటే పోదు. పోకపోయినా ఫరవాలేదని కూర్చుంటే పోతుంది. అయితే పోతుందనే ఆశతో ఫరవాలేదనుకుంటే మాత్రం పోదు."

మరోసారి చెప్పమన్నాను. ఈ వారం ప్రశ్న అయిపోయిందన్నారు.

నీ తమ్ముడు,
పిచ్చేశ్వరరావు


మచిలీపట్నం
ఆగస్టు 4

చిరంజీవి పిచ్చేశ్వరరావుకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు ప్రశ్నలు అడిగాను, మూడింటికి రాశావు. మాత్రల ప్రశ్న నీకు కనబడలేదో, కనబడకూడదనుకున్నావో తెలియలేదు. పరీక్షలో అయితే రెండింటికీ ఒకటే మార్కు.

ఉత్తరం ఖదీజాకు చదివి వినిపించాను. నీకు గుర్తుండే ఉంటుంది, మా పక్కింటావిడ, మా స్కూల్లోనే సైన్సు చెప్పేది. మీ భంతే జవాబు విని బాగుందంది. నేను మాత్రం లెక్కలు చెప్పినదాన్ని. కావాలనుకుంటే రానిది, అక్కర్లేదనుకుంటే వచ్చేది, రావడానికి అక్కర్లేదనుకుంటే మళ్ళీ రానిది ఏమిటని నా మనవరాలు సునీతని అడిగాను. "మా మేనేజరు ఇచ్చే ప్రమోషను, అమ్మమ్మా" అంది.

ఖదీజాకు నచ్చనిది ఒకటే, ఆ బెల్లం నీళ్ళు. మాత్రలు పార్శిలు చేసి పంపుతున్నాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రాత్రి తిండి లేదు కనుక రెండోది ఎప్పుడు వేసుకోవాలో నాగాయలంకలో డాక్టరుని అడుగు. పార్శిలు అందినట్టు రాయి.

నీ అక్కయ్య


ధ్యాన కేంద్రం
ఆగస్టు 31

అక్కయ్యా,

పార్శిలు అందింది. భద్రంగా ఉంది.

చాలా పెద్ద సంగతి రాయబోతున్నాను. ఖదీజా గారికి కూడా చదివి వినిపించు.

మంట పోయింది. మొదట తగ్గింది, ఆ తరవాత కుడి కాలిలో మాత్రమే మిగిలింది, ఈ పదిహేను రోజులుగా ఎడమ కాలిలో అసలేమీ లేదు. మంట లేదు, చీమలు లేవు, తిమ్మిరి లేదు. గంటసేపు కూర్చున్నా ఆ కాలు ఉన్నట్టే తెలియదు. చుట్టుపక్కల కుర్రవాళ్ళు కాళ్ళు మార్చి మార్చి అవస్థ పడుతుంటే నేను రాతిబొమ్మలా కూర్చుంటున్నాను. భంతే నన్ను ముందు వరసలోకి మార్చారు. కొత్తవాళ్ళు నన్ను చూసి నేర్చుకుంటున్నారు. నన్ను చూసి ఎవరైనా భయపడకుండా ఉండడం నాకు కొత్త.

"నొప్పి ఎక్కడికి పోయింది?" అని భంతే అడిగారు. "తెలియదండీ" అన్నాను. ఆయన నవ్వారు. అదే సరైన జవాబు అయి ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. మొన్న వానలో గట్టు మీంచి నడిచి వస్తుంటే ఎడమ చెప్పు బురదలో ఉండిపోయింది. హాలు దాకా వచ్చేశాను, దేవమ్మ చెప్తే గాని తెలియలేదు. "అయ్యగారూ, ఒంటి చెప్పేంటండీ, రెండోది ఎవరికి దానం చేశారేంటి?" అని నవ్వింది. అంతగా లోపలికి వెళ్ళిపోయాను అక్కయ్యా. నిన్న అదే పాదాన్ని గండుచీమలు పట్టాయి. చూస్తూ కూర్చున్నాను. వాటి మీద కోపం రాలేదు. తిననీ అనుకున్నాను.

ఈ మాట హరిబాబుకి నువ్వే చెప్పు. నేను చెప్తే గొప్పలు పోతున్నాననుకుంటాడు. వాళ్ళ నాన్న మారాడని చెప్పు.

పిచ్చేశ్వరరావు


మచిలీపట్నం
సెప్టెంబరు 5

ఈశ్వరం,

ఇది మూడోసారి రాస్తున్న ఉత్తరం. మొదటి రెండూ కఠినంగా ఉన్నాయని ఖదీజా చింపేసింది. ఇదీ కఠినంగానే ఉంది, కాని కాగితాలు అయిపోయాయి.

నీ ఉత్తరం వినగానే ఖదీజా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆయన మాత్రలు వేసుకుంటున్నాడా?" అని అడిగింది. మూడేళ్ళ క్రితం ఆవిడ భర్త జబ్బార్ గారికి అరికాళ్ళలో ఇలాగే మంటలొచ్చి, ఇలాగే పోయాయట. తగ్గిందని సంతోషించారట. ఆయనకు చిలకలపూడిలో రోల్డుగోల్డు పని. ఒకరోజు కొలిమి దగ్గర నిప్పుకణిక మీద కాలు పెట్టి, తెలియక అలాగే నిలబడి పని చేసుకున్నారు. నమాజుకి కాళ్ళు కడుక్కుంటుంటే కనబడింది. ఐదు పూటలా కాళ్ళు కడుక్కునే మనిషి కనుక అదే రోజు కనబడింది. షుగరు ముదిరితే కాలికి స్పర్శ పోతుందట. నొప్పి పోవడం కాదు, నొప్పి చెప్పే నరం పోవడం.

నువ్వు నెమ్మదించలేదని నేననడం లేదు. ఆ కాలు మాత్రం నెమ్మదించలేదు. అది చచ్చిపోతోంది.

ధ్యాన కేంద్రం ఆఫీసుకి ఫోన్ చేశాను. మౌనంలో ఉన్నవాళ్ళకి ఫోన్ ఇవ్వరట, ఏమైనా ఉంటే చెప్పమన్నారు. నీకు వచ్చింది ధ్యానం కాదు, జబ్బు అన్న మాట ముక్కూ మొహం తెలియని మనిషి నోట నువ్వు వినడం నాకిష్టం లేక ఏమీ చెప్పలేదు. అందుకే స్పీడ్ పోస్టు.

ఇది చదివిన వెంటనే ఎడమ అరికాలు చూసుకో. అద్దం ఇవ్వరేమో, స్టీలు పళ్ళెం పెట్టి చూసుకో. బెల్లం నీళ్ళు మానెయ్. పద్నాలుగో తేదీ ఆదివారం లోపల జవాబు రాకపోతే సునీత బండి మీద నేను వస్తాను. ఆ గతుకుల్లో ఈ వయసులో వచ్చానంటే నువ్వూ, మీ భంతే కూడా వినవలసిన మాటలు చాలా ఉంటాయి.

అక్కయ్య


ధ్యాన కేంద్రం
సెప్టెంబరు 9

అక్కయ్యకి,

ఈరోజు ఆదివారం కాదు. అయినా ఆఫీసులో కాగితం అడిగి తీసుకుని రాస్తున్నాను. అరవకుండా రాస్తున్నాను.

ఏడో తరగతిలో నాకు లెక్కల్లో క్లాసు ఫస్టొస్తే ఆ పేపరు ఇంటికి తెప్పించుకుని మళ్ళీ దిద్దావు. మూడు మార్కులు తగ్గించావు. ఇన్నేళ్ళకి నాకు ఒక్కటంటే ఒక్కటి వచ్చింది, ఎవరూ ఇవ్వనిది, నేను కూర్చుని సంపాదించుకున్నది. ఇప్పుడు ఆ పేపరు కూడా దిద్దడానికి కూర్చున్నావా? పక్కన ఇంకో టీచరమ్మని పెట్టుకుని మరీ!

నా కాలు నాకు తెలుసు. ఆ కాలికి ఏమీ లేదు. ఏమీ లేదనే కదా రాసింది! ఏదైనా ఉంటే నొప్పి పుట్టదా? నొప్పి లేకపోతే జబ్బంటావు, ఉంటే ముసలితనమంటావు. నేను ప్రశాంతంగా ఉంటే చూడలేవా? నేను ప్రశాంతంగానే ఉన్నాను!! ఎవరి పళ్ళెంలోనూ నా కాలు చూసుకోను. నువ్వు రావద్దు. సునీతని కూడా తేవద్దు.

పి.


ఆసుపత్రి వరండా, అవనిగడ్డ
సెప్టెంబరు 10

అక్కయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు నన్ను బందరు పంపిస్తున్నారు, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. ఫోను తిరిగిచ్చారు గాని, నోటితో చెప్పబోతే ఎలా మొదలవుతుందో నాకే తెలియక రాస్తున్నాను.

ఈ పొద్దున మొదటి కూర్చోవడం అయింది. అందరూ గంజికి వెళ్ళారు. నేను మాత్రం నిన్న నీకు రాసిన ఉత్తరం తాలూకు వేడి తగ్గక, హాల్లో కాసేపు అటూ ఇటూ నడిచి గుమ్మం దగ్గరికి వచ్చాను. అక్కడ తెల్లటి నాపరాయి మీద రక్తం కనబడింది. పాదం ముద్ర. చిటికెన వేలి వైపు చిక్కగా, మడమ వైపు పలచగా ఉంది. ముందుకి చూస్తే ఇంకొకటి, దాని తరవాత ఇంకొకటి.

ఎవరికో దెబ్బ తగిలింది, మౌనం కనుక చెప్పుకోలేక అలాగే తిరుగుతున్నాడు అనుకున్నాను. అక్కయ్యా, నాకు ఎవరి మీదా అంత జాలి ఎప్పుడూ కలగలేదు. ఎంత నొప్పిగా ఉండి ఉంటుందో, పాపం ఎవరి బిడ్డో అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీ మీది కోపం ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఆ మనిషిని పట్టుకుని కూర్చోబెట్టి కట్టు కట్టాలి, అంతే.

అడుగుల వెంట వెళ్ళాను. బుద్ధ విగ్రహం చుట్టూ తిరిగాయి, వరండాలోకి వెళ్ళాయి. వరండాలో వాళ్ళంతా వరసగా కూర్చుని గంజి తాగుతున్నారు. ఒక్కొక్కరి పాదాలూ వంగి చూశాను. అందరివీ బాగానే ఉన్నాయి. భంతే పాదాలు కూడా వంగి చూశాను. దణ్ణం పెడుతున్నాననుకుని ఆయన దీవించారు. తిరిగి వచ్చి చూద్దును కదా, ఇందాక లేనిచోట కూడా అడుగులున్నాయి. వెతికిన కొద్దీ ఎక్కువవుతున్నాయి. గాయంతో ఇంకా తిరుగుతూనే ఉన్నాడు, ఎంత మొండివాడో అనుకున్నాను.

అప్పుడు దేవమ్మ గంజి గిన్నెతో వచ్చింది.

"ఓరి నాయనో! ఇల్లంతా ముగ్గేసినట్టు ఇదేం తిరుగుడండీ? ఆగండి, ఆగండి, ఆ కాలు ఎత్తండి!"

"ఎవరిదో తెలియడం లేదమ్మా" అన్నాను. మౌనం పోయింది.

"ఎవరిదేంటండీ బాబూ, మీదే!"

"నాది కాదు. నాకేం నొప్పి లేదు."

"మీకు లేకపోతే కాలికి ఉండదా ఏంటి? కూర్చోండి ముందు!"

కూర్చోబెట్టి కాలు పైకెత్తింది. సర్కారు తుమ్మ ముల్లు, చిటికెన వేలంత పొడవు, లోపలికి దిగి విరిగింది. చుట్టూ నల్లగా ఉంది. చెప్పు పోయిన రోజు గుచ్చుకుని ఉంటుంది.

ఆ కాలు నాదని తెలిసిన క్షణంలోనే జాలి పోయింది. ఎక్కడలేని కోపం వచ్చింది. "చూసుకుని నడవద్దా వెధవా! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా!" అని ఆ కాలిని కేకలేశాను. పదిహేనుమంది గంజి గ్లాసులు కింద పెట్టేశారు.

భంతే వచ్చి నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకున్నారు. "నొప్పి ఎక్కడికి పోయిందని అడిగాను. కాలు ఎలా ఉందని అడగవలసింది" అన్నారు.

మాత్రలు వేసుకోలేదు అక్కయ్యా. వచ్చిన రోజునుంచీ వేసుకోలేదు. నాకు నేనే నయమవుతున్నాననుకున్నాను. నువ్వు పంపిన పార్శిలు విప్పలేదు. ఇదంతా చదివేటప్పుడు నా మొహంకేసి చూడకు.

ఈశ్వరం


గుడివాడ
అక్టోబరు 26

అక్కయ్యకు నమస్కారాలు.

ఇల్లు చేరాను. ఆసుపత్రిలో నా పక్కన నువ్వు ఉన్నన్నాళ్ళూ అడగలేనిది ఒకటి ఉంది. ఎదురుగా ఉంటే నువ్వు దుప్పటి సర్దుతావు, నేను కళ్ళు మూసుకుంటాను. అందుకే రాస్తున్నాను.

చిటికెన వేలూ, పక్క వేలూ పోయాయి. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా తీయవలసి వచ్చేదని డాక్టరు నీతోనే అన్నాడు కదా. ఈ నరాల జబ్బు రెండు మూడేళ్ళ కిందటే మొదలైందట. ధ్యానం దాన్ని తేలేదు, పోగొట్టలేదు. నేనే ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టాను.

హరిబాబు సెలవు పెట్టి రోజూ కట్టు మారుస్తున్నాడు. ఎల్లుండి నుంచి డ్యూటీకి వెళ్తాడు. ఇక నేనే మార్చుకోవాలి. ఎలా విప్పాలో, ఎలా కడగాలో రెండుసార్లు నేర్పాడు. నేను కేకలేస్తానేమోనని ఒక అడుగు దూరంగా నిలబడి నేర్పాడు. వేయలేదు. వేయలేదని గమనించి ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

మొన్న భంతే చూడడానికి వచ్చారు. కేంద్రంలో కొత్త నియమం పెట్టారట. సాయంత్రం కూర్చోబోయే ముందు ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ అరికాళ్ళు చూడాలి. ఎవరిది వాళ్ళకి సరిగ్గా కనబడదు కనుక. బెల్లం నీళ్ళ పక్కన ఉత్త నిమ్మకాయ నీళ్ళు కూడా పెడుతున్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి షుగరుందో అడగకపోవడం తన తప్పేనని చెప్పి నాకు దణ్ణం పెట్టబోయారు. వద్దన్నాను. గట్టిగా అన్నాను, వీధిలోవాళ్ళు తొంగిచూశారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆయన్ని అడిగితే, "అక్కయ్యగారు ఏమంటారు?" అన్నారు.

కాలు మూగబోతే దాన్ని నెమ్మది అనుకున్నాను. సరే, అది జబ్బు. ఒప్పుకున్నాను. కాని ఆ అడుగుల వెంట తిరిగిన కాసేపూ నాకు కలిగిన జాలి ఉంది చూడు, అదేమిటి? అదీ జబ్బేనా? జబ్బు కాకపోతే, కాలు నాదని తెలియగానే ఎందుకు పోయింది? ఎవరో అనుకున్నంతసేపూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి, నేనే అని తెలిసి తిట్టానేమిటి? ఆ కాసేపు నేను మంచివాణ్ణి అక్కయ్యా. నాకు నిజంగా అలా అనిపించింది. అది కూడా లేదంటే, మూడు నెలలూ రెండు వేళ్ళూ పోగా నాకు మిగిలిందేమీ లేదు.

మళ్ళీ పేపరు దిద్దు. ఎన్ని మార్కులైనా తగ్గించు, ఏమీ అనను.

ఈశ్వరం


మచిలీపట్నం
అక్టోబరు 30

ఈశ్వరం,

ఇది లెక్కల టీచరుని అడగవలసిన ప్రశ్న కాదు. మీ భంతే తప్పించుకోవడానికే నా మీదికి తోశాడని నా అనుమానం. అయినా అడిగిన ప్రశ్న వదిలేయడం నాకు చేతకాదు.

నువ్వు సెప్టెంబరు తొమ్మిదిన అరుస్తూ రాసిన ఉత్తరం, నీకు ఆపరేషను అయిన మర్నాడు పోస్టుమాను తెచ్చిచ్చాడు. పదో తారీకున రాసి నువ్వే తెచ్చిచ్చినది అప్పటికే నా దగ్గరుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒక్క రోజు తేడాలో రాసినవి. ఒకే చెయ్యి, ఒకే కలం. మొదటిది రాసినవాడు తన కాలు చూసుకోనన్నాడు. రెండోది రాసినవాడు పదిహేనుమంది కాళ్ళు వంగి చూశాడు. మొదటివాణ్ణి వాడు పుట్టిన దగ్గర్నించి ఎరుగుదును. రెండోవాడి సంగతే నువ్వు అడుగుతున్నావు.

నీకు ఆ పొద్దున జాలి కలిగింది. తరవాత పోయింది. ఆ మధ్యలో మారిందేమిటో చూడు. గాయం మారలేదు. ముల్లు మారలేదు. రక్తమూ అదే. మారింది ఆ కాలి యజమాని పేరు ఒక్కటే. కనుక తప్పు జాలిలో లేదు. నీ పేరు వినగానే నీకు కోపం వస్తుంది, అంతే. ఆ విషయంలో గుడివాడలో చాలామందికి నీతో ఏకాభిప్రాయం ఉంది.

ఇక్కడిదాకా నేను రాసి ఖదీజాకు చదివాను. "పాపం, అంత ఇదిగా వెతికాడు కదా, ఆ మనిషి దొరికాడని చెప్పవేం?" అంది. అది నాకు తట్టలేదు.

దొరికాడు, ఈశ్వరం. అరవై ఎనిమిదేళ్ళవాడు. నువ్వనుకున్నట్టే మొండివాడు. నొప్పి తెలియదు కనుక ఎవరినీ అడగడు, అడగడు కనుక ఎవరూ చూడరు. కూర్చోబెట్టి కట్టు కట్టాలనుకున్నావు కదా. ఎల్లుండి నుంచి నువ్వే మార్చుకోవాలన్నావు, ఆ ఎల్లుండి దాటిపోయింది, మొన్ననే మొదలుపెట్టి ఉంటావు. ఎలా కడుతున్నావో నాకు తెలియదు. పళ్ళు కొరుక్కుంటూ, తిట్టుకుంటూ కడుతుంటే మాత్రం ఆ కాలు నీదని మరిచిపో. నాపరాయి మీద అడుగులు చూసినప్పుడు ఎవరిదనుకున్నావో ఆ మనిషిదే అనుకో. చదువుకున్నదాన్ని, ఇలాంటి అబద్ధం చెప్పుకోమని ఎవరికీ చెప్పలేదు. ఇది అబద్ధమో కాదో కూడా నాకు సరిగ్గా తేలలేదు.

వచ్చే శుక్రవారం పొద్దుటి రైలుకి వస్తాను. నేనే చూస్తాను. అందాకా రోజూ కట్టు విప్పేటప్పుడు దూది అంటుకుంటే లాగెయ్యకు. గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, మెల్లగా తియ్యి. అతనికి నొప్పి తెలియకపోయినా సరే.

అక్కయ్య